ఫ్రేము అంచున వెళ్లిన బస్సు

పాత ఇంగ్లిష్ సినిమాలో హీరో రోడ్డు దాటుతుంటాడు. వెనక నుంచి ఓ డబుల్ డెక్కర్ వచ్చి రెండు సెకన్లలో వెళ్లిపోతుంది. మనం హీరోనే చూస్తాం. బ్రిటన్‌లో పాత బస్సులంటే ప్రాణం పెట్టేవాళ్లు మాత్రం అక్కడ సినిమా ఆపేస్తారు. అది ఏ రకం బస్సు, బాడీ ఎవరు కట్టారు, ఏ ఏడాదిది అన్నది తేలేదాకా ముందుకు కదలరు. ఇందులో ఎంత చదువుందో చేసి చూస్తే తెలుస్తుంది.

లండన్ ఎర్ర బస్సు అనగానే అందరి నోటా వచ్చే పేరు రూట్‌మాస్టర్. దాని మొదటి నమూనా 1954లో బయటికొచ్చింది, 1956లో జనాన్ని ఎక్కించుకుంది. 1968 దాకా 2,876 కట్టారు. కానీ 1950ల సినిమాల్లో కనబడేది చాలాసార్లు దాని ముందుతరం బస్సు, ఆర్‌టీ. క్లిఫ్ రిచర్డ్ స్నేహితులతో కలిసి ఏథెన్స్ దాకా తోలుకెళ్లిన 'సమ్మర్ హాలిడే' (1963) బస్సు కూడా ఆర్‌టీయే. రెండింటిలోనూ డ్రైవరు ఇంజన్ పక్కన చిన్న క్యాబిన్‌లో ఒక్కడే కూర్చుంటాడు. రెండింటికీ వెనక తలుపు లేని ప్లాట్‌ఫామే. అందుకే మూతి చూడాలి. ఆర్‌టీ రేడియేటర్ మెరిసే చట్రంతో నిలువుగా బయటికే కనిపిస్తుంది. రూట్‌మాస్టర్‌ది బానెట్‌లో కలిసిపోయిన గ్రిల్ చాటున ఉంటుంది.

బస్సు పక్కనుంచి కనబడితే కిటికీల వరస చూడాలి. వరస మధ్యలో ఒక పొట్టి కిటికీ ఇరికించినట్టు ఉంటే అది పొడుగు రూట్‌మాస్టర్, ఆర్‌ఎంఎల్. 64 సీట్లను 72 చేయడానికి నడుమ దగ్గర దాదాపు రెండున్నర అడుగులు పెంచారు. ఇవి మొదట 1961లో వచ్చాయి. ఆ పొట్టి కిటికీ ఉన్న దృశ్యం అంతకుముందు తీసింది కాదన్నమాట.

నలుపు తెలుపు సినిమాలో రంగు సాయం చేయదు. నగరంలో తిరిగే ఎర్ర బస్సూ, చుట్టుపక్కల పల్లెలకు వెళ్లే ఆకుపచ్చ బస్సూ ఒకే బూడిద రంగులో కనిపిస్తాయి. అప్పుడు రూటు నంబరు, ఊరి పేరే దిక్కు. చుట్టూ తిరిగే బండ్ల వైపు కూడా చూడాలి. లండన్ వీధిలో పాత ట్రామ్ నడుస్తుంటే అది 1952 జులై మొదటి వారం లోపలి మాట. పైన తీగల కరెంటుతో ట్రాలీ బస్సు నడుస్తుంటే 1962 మే లోపలిది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన పాఠం 'ది ఇటాలియన్ జాబ్' (1969) చివర్లో కొండ అంచున ఊగిసలాడే కోచ్. ముందు వైపు రెండు ఇరుసులు, రెండూ స్టీరింగ్‌తో తిరుగుతాయి. వెనక ఇంకొకటి. ఆరు చిన్న చక్రాలు కనబడ్డాయంటే చాసిస్ బెడ్‌ఫోర్డ్ వాల్ అని దాదాపు తేలిపోయినట్టే. బీటిల్స్ 'మ్యాజికల్ మిస్టరీ టూర్' (1967) కోచ్ కూడా అదే చాసిస్. అయినా రెండింటి రూపం వేరు. విజయవాడ ఆటోనగర్‌లో లారీకి బాడీ కట్టించడం చూసినవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది: చాసిస్ ఒకరిది, బాడీ మరొకరిది. ఇటాలియన్ జాబ్ కోచ్‌కి హోవ్ పట్నపు హారింగ్టన్ కంపెనీ, బీటిల్స్ కోచ్‌కి స్కార్‌బరో పట్నపు ప్లాక్స్‌టన్ కంపెనీ బాడీ కట్టాయి. నంబర్ ప్లేట్ల చివరి అక్షరం వయసు చెబుతుంది. మొదటిదానికి బీ, అంటే 1964. రెండోదానికి ఈ, అంటే 1967.

అయితే కథలో పాత్ర ఉన్న బస్సును అంత తేలిగ్గా నమ్మకూడదు. 'లివ్ అండ్ లెట్ డై' (1973)లో రోజర్ మూర్ తోలేది లేని దేశపు బస్సు. నిజానికది లండన్‌లో తిరిగిన ఆర్‌టీ. వంతెన కింద పై అంతస్తు తేలిగ్గా ఊడిరావాలని ముందే కోసి ఉంచారు. హ్యారీ పోటర్ మూడంతస్తుల నైట్ బస్సులోనూ ఆర్‌టీల ముక్కలే ఉన్నాయి. వేషం వేసినా మూతి దాగదు.

వెనక ఊరికే వెళ్లిపోయే బస్సుకి వేషం లేదు. కెమెరా ఉందని కూడా దానికి తెలియదు. మ్యూజియంలో రంగు వేసి నిలబెట్టిన బస్సును నేను గౌరవిస్తాను. కానీ అది పని చేస్తూ ఎలా ఉండేదో ఈ రెండు సెకన్లలోనే చూడగలం. మడ్‌గార్డుల మీద బురద, పక్కన సబ్బు ప్రకటన. సిగ్నల్ దగ్గర నెమ్మదించగానే ఓ కుర్రాడు పరుగెత్తుకొచ్చి కడ్డీ పట్టుకుని ప్లాట్‌ఫామ్ మీదికి గెంతుతాడు. కండక్టర్ జరిగి చోటిస్తాడు. ఈలోగా హీరో రోడ్డు దాటేసి ఉంటాడు.