అసంబద్ధం అనే ముందు

చచ్చిపోయినవాడి పేరున ఓటేసిన మనిషిని 1868లో ఇంగ్లండ్ కోర్టు వదిలేసింది. 'వైట్లీ వర్సెస్ చాపెల్' కేసు అది. ఓటు హక్కున్న వ్యక్తిలా నటించి ఓటేయడం నేరమని అప్పటి చట్టంలో ఉంది. పోయినవాడికి ఓటు హక్కు ఎక్కడిది? కాబట్టి నేరమే జరగలేదన్నారు. దొంగ ఓట్లను ఆపాల్సిన చట్టమే దొంగ ఓటరును కాపాడింది! 2024 వరకు అమల్లో ఉన్న మన శిక్షాస్మృతి 171-డి సెక్షన్‌లో 'బతికున్నవారైనా, చనిపోయినవారైనా' అని ముందే రాసిపెట్టడం ఎంత మేలో ఈ కేసు చదివితే తెలుస్తుంది.

ఇలాంటిచోట వాడదగ్గ మాట ఇంగ్లిష్ కోర్టులకు అప్పటికే ఉంది: అబ్సర్డిటీ, అంటే అసంబద్ధత. బయట ఎవరినైనా తీసిపారేయడానికి 'అబ్సర్డ్' అనేస్తారు. న్యాయమూర్తికి ఆ వీలు లేదు. 1857లో 'గ్రే వర్సెస్ పియర్సన్' కేసులో లార్డ్ వెన్స్‌లీడేల్ దానికి హద్దు గీశారు. పదాలకు మామూలు అర్థమే చెప్పుకోవాలి. అది అసంబద్ధతకు దారితీస్తేనో, పత్రంలోని మిగతా భాగంతో పొసగకపోతేనో దిద్దుకోవచ్చు. అదీ ఆ చిక్కు తీరేంతవరకే. లా విద్యార్థులు 'గోల్డెన్ రూల్' పేరుతో చదివేది దీన్నే.

ఈ సూత్రం పనితనం చూడాలంటే 1964 నాటి 'ఆడ్లర్ వర్సెస్ జార్జ్' చదవాలి. నార్ఫోక్‌లోని మార్హమ్ వైమానిక స్థావరంలోకి వెళ్లిన ఒకాయన అక్కడి భద్రతా విధులకు అడ్డుపడ్డాడు. నిషేధిత స్థలం 'సమీపంలో' అడ్డుపడితే నేరమనేది అప్పటి అధికార రహస్యాల చట్టం. తాను సమీపంలో లేనని, ఏకంగా లోపలే ఉన్నానని ఆయన వాదన. గేటు బయట చేస్తే నేరమైన పని లోపల చేస్తే ఎలా ఒప్పవుతుంది? ఆ అర్థం అసంబద్ధమని ప్రధాన న్యాయమూర్తి లార్డ్ పార్కర్ తేల్చారు. 'సమీపంలో' అంటే లోపల కూడా అని చదివారు. నేరనిర్ధారణ నిలిచింది.

అయితే 'అసంబద్ధం' అన్న మాట చేతిలో ఉంది కదా అని నచ్చని చట్టం మీదల్లా ప్రయోగిస్తే, శాసనసభ పని కోర్టు చేసినట్టవుతుంది. చట్టం కఠినంగా ఉండడం వేరు, తన ఉద్దేశాన్ని తానే దెబ్బతీసుకోవడం వేరు. రెండోదానికే ఈ మాట తగును.

అసలు మందు చట్టాన్ని రాసే తీరులోనే ఉంది. తల్లిని చంపిన కొడుక్కి ఆమె ఆస్తి దక్కకూడదని 1935లో ఇంగ్లిష్ కోర్టు తీర్పివ్వాల్సి వచ్చింది. సంతానానికి ఆస్తి అన్న అక్కడి చట్టం హంతకుణ్ణి మినహాయించలేదు మరి. మన హిందూ వారసత్వ చట్టం 1956లోనే ఆ పని చేసింది: హత్య చేసినవారు, అందుకు తోడ్పడినవారు హతుల ఆస్తికి వారసులు కారని 25వ సెక్షన్ చెబుతోంది.