మౌనాన్ని కూడా లెక్కపెట్టే అలారం

కనిగిరిలో ఇంటి దగ్గర్నుంచే హైదరాబాద్ కంపెనీ సర్వర్లు చూసుకునే కుర్రాడొకడు మెమరీ అలర్ట్‌ల కోసం రాసిన సెట్టింగుల ఫైలు ఈమధ్య చదివాను. నిండా రెండు పేజీలు కూడా లేదు. ఎంత ఆలోచిస్తే ఇంత తక్కువ రాయగలమో అది చదివితే అర్థమవుతుంది.

ఆ సర్వర్లు అమెజాన్ క్లౌడ్ సేవ ఏడబ్ల్యూఎస్ 2022 నవంబరులో హైదరాబాద్‌లో మొదలుపెట్టిన రీజియన్‌లో ఉన్నాయి. రద్దీ పెరిగితే కొత్తవి వాటంతటవే లేస్తాయి, తగ్గితే పోతాయి. పొద్దున ఉన్న సర్వర్ సాయంత్రానికి ఉంటుందన్న నమ్మకం లేదు కాబట్టి అలారం ఏ ఒక్కదానికో కాక గ్రూపు మొత్తానికి కట్టాలి.

ఇంకో చిక్కుంది. సీపీయూ వాడకం, నెట్‌వర్క్ రాకపోకలు ఏడబ్ల్యూఎస్ వారి పర్యవేక్షణ సేవ క్లౌడ్‌వాచ్‌లో అడక్కుండానే కనిపిస్తాయి, మెమరీ కనిపించదు. అద్దె ఇంటి కరెంటు మీటరు యజమానికి బయటినుంచే తెలుస్తుంది గాని, లోపల బీరువాలో ఎంత చోటు మిగిలిందో అందులో కాపురమున్నవాళ్లే చెప్పాలి కదా. ఆ కబురు పంపేందుకే సర్వర్ లోపల ఏజెంట్ అనే చిన్న ప్రోగ్రాం నడుస్తుంది.

ఏ అంకె పంపాలన్నది తర్వాతి ప్రశ్న. లినక్స్ వాడని మెమరీని ఊరికే ఉంచదు, చదివిన ఫైళ్ల కాపీలతో నింపుకుంటుంది. అందుకని 'ఖాళీ' అనే అంకె ఎప్పుడు చూసినా భయపెట్టేలానే ఉంటుంది. 2014లో వచ్చిన లినక్స్ 3.14లో రిక్ వాన్ రీల్ ఒక కొత్త వరుస చేర్చారు: స్వాప్ (మెమరీ చాలనప్పుడు వాడే డిస్కు చోటు) జోలికి పోకుండా కొత్త పనికి ఎంత మెమరీ దొరుకుతుందో కెర్నలే అంచనా కట్టి చెప్పే 'మెమ్ అవైలబుల్'. ఈ అబ్బాయి దాని శాతాన్నే ఎంచుకున్నాడు. అదీ సగటు కాదు, కనిష్ఠం. పదింటిలో ఒక సర్వర్ ఊపిరాడక కొట్టుకుంటున్నా, మిగతా తొమ్మిది బాగుంటే సగటు నిబ్బరంగానే ఉంటుంది. ఐదు నిమిషాల్లో మూడు నిమిషాలు ఆ కనిష్ఠం 15 శాతం కిందికి పోతేనే అలారం మోగుతుంది.

ఈ అలారాన్ని కొత్త సర్వర్లు లేపే పనికి ముడిపెట్టలేదు. నాకు బాగా నచ్చిన నిర్ణయం ఇది. సీపీయూ భారం పంచితే తగ్గుతుంది. మెమరీ అలా కాదు. జావా ప్రోగ్రాం ఒకసారి తీసుకున్న హీప్‌ను అంత తేలిగ్గా వదలదు, లీకైతే ఎన్ని సర్వర్లు చేర్చినా పాతదాంట్లో నిండింది నిండినట్టే ఉంటుంది, బిల్లు మాత్రం పెరుగుతుంది. అందుకే స్కేలింగ్‌ను వచ్చే రిక్వెస్టుల సంఖ్యకు అప్పగించి, మెమరీ కబురు మనిషికి చేరేలా చూశాడు.

అసలు పనితనం రెండో అలారంలో ఉంది. మెమరీ పూర్తిగా అయిపోయిన సర్వర్‌లో ఏజెంటే చచ్చిపోవచ్చు. అప్పుడు చెడ్డ అంకె రావడం కాదు, అసలు అంకే రాదు. డేటా రాకపోతే మోగమని క్లౌడ్‌వాచ్‌కు చెప్పే వీలుంది గాని, గ్రూపులో మిగతా సర్వర్లు అంకెలు పంపుతూనే ఉంటాయి కాబట్టి ఆ ఒక్కదాని మౌనం అక్కడ దొరకదు. అతను దీన్ని లెక్కతో పట్టాడు. ప్రతి సర్వరూ నిమిషానికి ఒక అంకె పంపుతుంది. నిమిషంలో ఎన్ని అంకెలు చేరాయో ఒక పక్క, గ్రూపులో పనిచేస్తున్న సర్వర్లు ఎన్నో ఇంకో పక్క పెట్టి తీసివేశాడు. తేడా ఐదు నిమిషాల పాటు సున్నాకు రాకపోతే మోగుతుంది. ఆ ఐదు నిమిషాలు ఎందుకంటే, అప్పుడే లేచిన సర్వర్‌లో ఏజెంట్ గొంతు విప్పడానికి కొంత సమయం పడుతుంది. ఒక్క తీసివేత! దాని వెనక ఎంత ముందుచూపో.

అలారంతో పాటు వెళ్లే మెయిల్‌లో ఏం చేయాలో కూడా రాశాడు: సర్వర్‌ను చంపొద్దు, స్టాండ్‌బైలో పెట్టు, దాని బదులు కొత్తది లేస్తుంది, నువ్వు తీరిగ్గా మెమరీ ఎవరు తింటున్నారో చూడు. అర్ధరాత్రి నిద్రలేచినవాడి చేతికి కావలసింది ఈ నాలుగు ముక్కలే.

పరీక్ష కూడా చేశాడు. ఒక సర్వర్‌లో స్ట్రెస్-ఎన్‌జీ అనే పరీక్ష ప్రోగ్రాంతో మెమరీ నింపాడు, మరోదాంట్లో ఏజెంటును ఆపేశాడు. మొదటిదానికి మొదటి అలారం, రెండోదానికి రెండోది మోగాయి. ఏది ఎంతసేపటికి మోగిందో ఫైలు చివర రాసిపెట్టాడు.