కత్తెరకు దారి చూపిందెవరు?

"జన్యు సవరణ వచ్చేసింది, ఇక పాత విత్తనాలతో పనేమిటి?" అనే ధోరణి ఈమధ్య కొన్ని వ్యాసాలలో, ఉపన్యాసాలలో కనిపిస్తోంది. ఇది ఎంతవరకు నిజం? మనమంతా తినే సాంబ మసూరినే తీసుకుని పరిశీలిద్దాం.

హైదరాబాదులోని భారతీయ వరి పరిశోధన సంస్థ సాంబ మసూరి నుంచి 'కమల' అనే వంగడాన్ని రూపొందించింది. 2025 మే 4న దానిని ప్రకటించారు. వరి వెన్నులో గింజల సంఖ్య పెరగడానికి సైటోకైనిన్ అనే హార్మోను తోడ్పడుతుంది. ఈ హార్మోనును విచ్ఛిన్నం చేసే ఒక ఎంజైము కూడా మొక్కలో ఉంది. ఆ ఎంజైముకు మూలమైన జన్యువును క్రిస్పర్ అనే అణుస్థాయి కత్తెరతో పనిచేయకుండా చేశారు. బయటి జన్యువేదీ చేర్చలేదు. దిగుబడి 19 శాతం పెరుగుతుందనీ, పంట 20 రోజులు ముందే కోతకు వస్తుందనీ చెప్పారు. ఈ అంకెలకు అసలు పరీక్ష రైతు పొలంలోనే.

ఇంతకీ, వరిలోని వేలాది జన్యువులలో సరిగ్గా ఈ జన్యువునే కత్తిరించాలని ఎలా తెలిసింది? రెండు వరి రకాల మధ్య ఉన్న తేడా వల్ల! హబటాకి రకానికి గింజలు ఎక్కువ, కోషిహికారికి తక్కువ. ఈ రెండింటినీ సంకరపరచి పరిశీలించిన జపాన్ శాస్త్రజ్ఞులు, తేడాకు ముఖ్య కారణం ఈ జన్యువేనని 2005లో వెల్లడించారు.

మరో ఉదాహరణ చూడండి. సాంబ మసూరికి బాక్టీరియా ఎండాకు తెగులు పెద్ద శత్రువు. దానిని తట్టుకునే మూడు జన్యువులను సంకరణ ద్వారా చేర్చిన మెరుగైన సాంబ మసూరి 2008లో విడుదలయింది. వాటిలో ఎక్స్ఏ21 అనే జన్యువు ఆఫ్రికాలోని మాలి దేశపు అడవి వరి నుంచి వచ్చింది. సాంబ మసూరిలో అసలే లేని ఇలాంటి జన్యువును ఒక చిన్న కత్తిరింపుతో పుట్టించలేం. ఏ పద్ధతిలో చేర్చినా, ముందు అది ఎక్కడో ఒకచోట బతికి ఉండాలి.

జన్యు సవరణను తక్కువ చేయడం మన ఉద్దేశం కాదు. ఏళ్లు పట్టే పనిని అది తగ్గిస్తుంది. కానీ విత్తన నిధులు, నాటు రకాలు, అడవి వరులు ఇక అనవసరమనడం మాత్రం తప్పు. ఈసారి కొత్త వంగడం వార్త చదివినప్పుడు, "ఈ లక్షణం గురించి మొదట ఏ మొక్క చెప్పింది?" అని మీ ఉపాధ్యాయుణ్ణి అడగండి.