మధ్యభూమిలోని మహాకాయులు: జన్మకథయు, జాతివిభాగమును

కల్పితలోకమును సృజించు రచయితకు రెండు బాధ్యతలు కలవు. ఆ లోకమున ఏయే ప్రాణులు కలవో చెప్పుట మొదటిది. అవి ఎట్లు పుట్టినవో చెప్పుట రెండవది. మొదటిది వర్ణనచే నెరవేరును. రెండవదానికి సృష్టిక్రమము కావలెను. మన పెద్దలు పురాణలక్షణములలో సర్గమునకు ప్రథమస్థాన మిచ్చుట యిందులకే. ఆంగ్లరచయిత జె. ఆర్. ఆర్. టోల్కీన్ (1892–1973) కల్పించిన మధ్యభూమిలో మహాకాయుల స్థితిని పరిశీలించినచో ఈ రెండు బాధ్యతలకును గల సంబంధము స్పష్టమగును. ఆ లోకమున ఎల్ఫులకు, మనుష్యులకు, మరుగుజ్జులకు జన్మకథలు కలవు. హాబిట్ల ఆదివృత్తాంతము మరుగుపడినదని చెప్పినను, రచయిత వారిని మనుష్యులకు జ్ఞాతులుగా నిలిపినాడు. మహాకాయులకు మాత్రము జన్మకథయు లేదు, జ్ఞాతిత్వమును లేదు. ఇది రచయిత మరపా, లేక ఆ లోకధర్మమే వారిని సహింపలేదా యనునది ఇచ్చట విచార్యము.

టోల్కీన్ వృత్తిచే భాషావేత్త. 1925 నుండి 1945 వరకు ఆక్స్‌ఫర్డులో ప్రాచీనాంగ్లభాషకు ఆచార్యుడు. ఆ భాషలో మహాకాయవాచకములు పెక్కు కలవు: ఎఓటెన్, ఎంట్, థ్యుర్స్, లాటిను నుండి వచ్చిన గిగంట్. బేవుల్ఫ్ కావ్యము ఎఓటెన్లను, ఎల్ఫులను, ఓర్క్‌నేయులను, గిగంట్లను ఒక్కచోట చేర్చి, భ్రాతృహంతయగు కయీను సంతతిగా చెప్పినది. అనగా ఆ కవి విభాగమునకు ఆధారము దేహపరిమాణము కాదు, వంశము. టోల్కీన్ లోకమున కయీను లేడు. కావున ఆ వంశము నిలువలేదు. పేర్లు మాత్రము మిగిలినవి. ఆయన ఆ పేర్లను విడదీసి వేర్వేరు గృహములకు పంపినాడు. ఎల్ఫులు పరమేశ్వరుని జ్యేష్ఠసంతాన మైరి. ఓర్కులు శత్రుసైన్యమైరి. ఎంట్ అను పదము వృక్షపాలకులకు చెందెను. ఎఓటెన్ అను పదము ట్రోలులు తిరుగు ఎట్టెన్‌మూర్స్ అను స్థలనామమున నిలిచెను. ఇట్లు పంపకము ముగియునప్పటికి మహాకాయులకు దక్కిన దేమియు లేదు.

అయినను 1937లో వెలువడిన హాబిట్ కథలో వారు ప్రత్యక్షమగుదురు. మంచుకొండలలో పిడుగులు పడు రాత్రి వారు ఒకరిపై నొకరు బండలు విసరుకొని ఆడుచుందురు. తరువాత గాండాల్ఫ్, కొంత మంచివాడగు మహాకాయు నొకనిని వెదకి కనుమద్వారమును మూయింపవలె ననుకొనును. ఇందువలన వారిలో మంచిచెడ్డల భేదము కలదని తెలియుచున్నది. మరియొకచోట, మహాకాయులు రాకపూర్వము ఆ కొండలలో ప్రాచీన భల్లూకములు నివసించెనని వినవచ్చును. ‘రాక’ యను ఈ మాటయే వారి పూర్వచరిత్రకు మిగిలిన ఏకైక చిహ్నము. ఎచ్చటినుండి వచ్చిరి? ఎవరు సృజించిరి? గ్రంథము పలుకదు.

వారిపేరును గూర్చియు ఒక చిక్కు కలదు. ‘శిలామహాకాయులు’ అను సమాసమునకు విగ్రహమెట్లు? శిలలతో ఆడువారా, శిలలయందు వసించువారా, శిలామయులా? 2012లో వచ్చిన చలనచిత్రము మూడవ అర్థమును గ్రహించి వారిని కదలెడు కొండలుగా చూపినది. మూలమున ఈ అర్థమునకు స్పష్టమైన ఆధారము లేదు. అదే కథలో ట్రోలులు మాత్రము సూర్యకిరణము సోకినంతనే తమ మూలద్రవ్యమగు శిలగా మారిపోవుదురు. వారికి ఉపాదానకారణము చెప్పబడినది, మహాకాయులకు చెప్పబడలేదు.

1954–55లలో ప్రకటితమైన లార్డ్ ఆఫ్ ది రింగ్స్ మహాగ్రంథమున మహాకాయులు పాత్రలుగా కనబడరు. ఆ పదము మాత్రము అచ్చటచ్చట మిగిలియున్నది. ప్రారంభమున సామ్ అనువాడు పానశాలలో ‘చెట్టుమనుషులను’ గూర్చి చెప్పుచు, వారిని మహాకాయు లనవచ్చునని యనును. ఇది జనశ్రుతి. గ్రంథము ముందుకు సాగినకొలది జనశ్రుతి వెనుకబడి శాస్త్రము ముందునకు వచ్చును. ట్రీబియర్డ్ పదునాలుగడుగుల యెత్తరి. అయినను అతడు మహాకాయజాతివాడు కాడు, ఎంట్. 1988లో ప్రకటితమైన చిత్తుప్రతులను చూచినచో ఈ మార్పు ఇంకను తేటపడును. 1939 నాటి చిత్తులో ట్రీబియర్డ్ మహాకాయుడే, శత్రుపక్షమువాడు కూడ. అతనికి వృక్షపాలకత్వము కలిగిన పిమ్మట మహాకాయత్వము తొలగినది. అనంతరము 1977లో ముద్రితమైన సిల్మరిలియన్ ఎంట్లకు జన్మకథను సమకూర్చినది: మరుగుజ్జుల గొడ్డళ్లకు తన తరువులు బలియగునని యావన్నా దేవి కలతచెంది మొరపెట్టుకొనగా, ఆమె సంకల్పమునుండి వృక్షపాలకులు ఉదయింతురని చెప్పబడినది.

ట్రోలుల విషయమును ఇట్టిదే. ఎంట్లను వెక్కిరించుటకై శత్రువు వారిని చేసెనని ట్రీబియర్డ్ చెప్పును. దుష్టశక్తికి స్వతంత్రసృష్టి లేదు, వికృతానుకరణమే కల దనునది ఆ లోకధర్మము. మహాగ్రంథపు అనుబంధమున ఓలోగ్‌హై అను ట్రోలులను గూర్చి ఒక వాదము సూచింపబడినది: వారు ట్రోలులు కారు, మహాకాయులగు ఓర్కులని కొందరి మతము. దానికి సమాధానముగా వారు శరీరమునను మనస్సునను ఓర్కులకు భిన్నులని చెప్పబడినది. ఇచ్చట ‘మహాకాయ’ శబ్దము విశేషణముగా మారుట గమనింపదగును. అది ఇక జాతినామము కాదు, ఏ జాతికైనను అన్వయింపదగిన గుణవాచకము.

హాబిట్ బాలుర కథ గనుక అందలి మహాకాయులు పిడుగులకు కథారూపము మాత్రమే యని కొందరు వాదింపవచ్చును. అది కొంతవర కంగీకార్యమే. కాని అదే బాలకథనుండి ట్రోలులు, ఓర్కులు, గరుడపక్షులు మహాగ్రంథమునకు నడచివచ్చినవి, మహాకాయులు రాలేదు. ఈ భేదమునకు బాలకథాత్వము కారణము కాజాలదు. మిగిలినవానికి సృష్టిక్రమమున చోటు దొరకినది, వీరికి దొరకలేదు అనుటయే సమంజసమని మా అభిప్రాయము. దేహపరిమాణము వర్ణనకు చాలును. వంశమును నిలుపుటకు చాలదు.

ఈ విచారము తెలుగు పరిశోధకునకు ఏల యనవచ్చును. అనువాదములలోను, జానపదకథల పట్టికలలోను మహాకాయవాచకము కనబడినంతనే ‘రాక్షసుడు’ అని వ్రాయుట మనలో అలవాటైనది. మన సంప్రదాయమున రాక్షసత్వము పరిమాణము కాదు, జన్మము. జలములను రక్షింతుమన్నవారు రాక్షసులైరని రామాయణోత్తరకాండ చెప్పుచున్నది. దైత్యులు దితి సంతానము, దానవులు దనువు సంతానము. అమరసింహుడు రాక్షసులను దేవయోనులలో చేర్చినాడు. పర్వతాకారుడగు కుంభకర్ణుడును, అట్టి యాకారము లేని విభీషణుడును ఒక్క కైకసి బిడ్డలే, ఇరువురును రాక్షసులే. త్రివిక్రముడు బ్రహ్మాండము నిండెను, హనుమంతుడు కొండంత పెరిగెను. వారిని ఎవ్వరును రాక్షసులనరు. కావున శిలామహాకాయుని రాక్షసుడనుట అనువాదము కాదు, లేని వంశము నంటగట్టుట. అట్లే మన జానపదకథలలో చెట్టుపై నుండు బ్రహ్మరాక్షసుని, ఏడు సముద్రముల కావల ప్రాణమును చిలుకలో దాచుకొన్న రాక్షసుని దేహపరిమాణమునుబట్టి ఒక్క శీర్షిక క్రింద చేర్చినచో వారి భేదము నశించును. ఒకడు మరణించిన బ్రాహ్మణుడు, వేరొకడు పుట్టుకచే రాక్షసుడు.

జాతివిభాగము చేయువాడు ముందుగా అడుగవలసిన ప్రశ్న ‘ఎంత పెద్దవాడు?’ అని కాదు, ‘ఎవని బిడ్డ?’ అని. టోల్కీన్ మహాకాయులకు ఈ ప్రశ్నకు ఉత్తరము లేకపోయినది. అందుచే వారు ఒక పిడుగుల రాత్రి కనబడి, గాండాల్ఫ్ మాటలో ఒకపరి వినబడి, ఆ లోకచరిత్రనుండి తొలగిపోయిరి. మన కథలలోని మహాకాయులకు ఆ ఉత్తరము కలదు. దానిని చెరిపివేయకుండుట పట్టికలు కూర్చు పరిశోధకుని ధర్మము.