నయా ఖిల్లాలో ఆట చూస్తూ

"అన్నా, జర పక్కకి రా. బాల్ వస్తది."

క్యాడీ పిలిస్తే గానీ నేను ఆటకి అడ్డంగా నిలబడ్డానని తెలీలేదు. గోల్ఫ్ ఆడే స్నేహితుడి వెంట హిమాయత్ సాగర్ నుంచి పొద్దున్నే బయల్దేరి గోల్కొండ నయా ఖిల్లాకి వచ్చాను. కోటగోడల మధ్య పద్దెనిమిది హోల్స్, మసీదులు, 'హాతియాన్ కా ఝాడ్' అనే మహావృక్షం. చూడ్డానికి అందంగానే ఉంది, అబద్ధమెందుకు.

డబ్బున్నోళ్ళు చరిత్రని పచ్చిక చేసుకున్నారని రాసేద్దామనే వచ్చాను. కానీ 2014లో పురావస్తు శాఖ ఇక్కడే తవ్వి కుతుబ్ షాహీల తోటను బయటపెట్టింది. నీటి కాలువలు, మట్టి గొట్టాలు, తొట్లు. ఆ తోట మాత్రం ఎవరిదని? అదీ పెద్దోళ్ళదే. కాబట్టి ఆ వాదన నిలబడదు.

నా అభ్యంతరం నేలతో. 1656లో ఔరంగజేబు దాడి చేశాక, ఈ మిట్ట మీంచి శత్రువు ఫిరంగులు పేలిస్తే అసలు కోటకి ముప్పని అబ్దుల్లా కుతుబ్ షా దీన్ని గోడ కట్టి కలుపుకున్నాడు. అంటే ఇక్కడ కట్టడాలకి ముందు ఈ ఎత్తే కథ. ఆటకి ఎత్తంటే బంతి కొట్టడానికి మంచి చోటు, అంతే. పైగా గోల్ఫ్‌కి పల్లాలు పూడ్చాలి, బంకర్లు తవ్వాలి, నేల మలచాలి. మసీదుల్ని ముట్టుకోలేదు కదా అంటారు. తోట దొరికింది మట్టిలోంచి కదా! ఢిల్లీ గోల్ఫ్ క్లబ్‌లోనూ లాల్ బంగ్లా సమాధులు నిలిచే ఉన్నాయి. చుట్టూ నేల ఏం చెప్పేదో ఇప్పుడెవరు వినగలరు?

"ఇది లేకపోతే ఈపాటికి ప్లాట్లేసేవాళ్ళు" అన్నాడు స్నేహితుడు. కాదనలేకపోయాను. మా చెరువుని కాపాడ్డానికి 1996లో జీవో 111 వచ్చింది, 2022లో జీవో 69 దాని ఆంక్షల్ని సడలించింది. హిమాయత్ సాగర్ పక్కన ఉంటూ ఆ మాటని తేలిగ్గా తీసెయ్యలేను. అయినా ప్లాట్లకంటే నయమనేది గోల్ఫ్‌కి పెద్ద మెచ్చుకోలేం కాదు.

తర్వాతి దెబ్బకి ముందు స్నేహితుడు దూరంగా ఉన్న బురుజు వైపు చూసి, "నూటయాభై గజాలుంటుంది" అన్నాడు.

"దాని పేరేంటి?"

వాడు క్యాడీ వైపు చూశాడు.

"మజ్నూ బురుజ్ సార్" అన్నాడు ఆ కుర్రాడు, బ్యాగ్ భుజం మార్చుకుంటూ.