పడిగె నేర్పే పని

మణుగూరు, పినపాక, చర్ల, దుమ్ముగూడెం దిక్కున కోయ గూడేల్లో వేల్పుల కొలుపు జరిగేటప్పుడు పడిగె బయటికి వస్తుంది. జెండాలా పొడుగ్గా సాగే గుడ్డ అది. దాని మీద మూలపురుషులు, జంతువులు, సూర్యచంద్రులు, ఆ గట్టు (వంశం) వాళ్ల కథ చెప్పే గుర్తులు ఉంటాయి. రంగుగుడ్డ ముక్కలు కత్తిరించి, బొమ్మలుగా కుట్టిన పడిగెలూ ఉన్నాయి. ఆ గుర్తులను ఒక్కటొక్కటిగా విప్పి పాడేది డోలీలు. మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య ఆ కోవలోని వారే. సమ్మక్క సారలమ్మల కథను కోయలోనూ తెలుగులోనూ పాడిన ఆయనకు 2022లో పద్మశ్రీ వచ్చింది. 2025లో ఆయన కన్నుమూశారు.

బొమ్మలు వేసి బతకాలనుకునే కుర్రకారుకు నేను మొదట చూడమనేది ఈ పడిగెనే. భద్రాచలంలోనో కొత్తగూడెంలోనో ఉండి పత్రికలకు, ప్రచురణకర్తలకు పోర్ట్‌ఫోలియో పంపేవాళ్ల ఫైళ్లలో ఎక్కువగా ఏముంటాయి? ఒక సినిమా హీరో పెన్సిల్ బొమ్మ, ఒక సీతారాముల కల్యాణం, తలలో ఈకలు పెట్టుకున్న ఒక ‘గిరిజన యువతి’. చెయ్యి బాగానే తిరిగిందని తెలుస్తుంది, అంతే. పిల్లల పుస్తకం వేయించాలనుకునేవాడికి కావలసింది వేరు. మొదటి పేజీలోని ముసలమ్మ పన్నెండో పేజీలోనూ అదే ముసలమ్మగా కనబడాలి. పక్క మనిషి చెప్పిన కథ బొమ్మల వరసలో తప్పిపోకుండా నడవాలి. విడి బొమ్మలు ముప్పై పంపినా ఆ సంగతి తేలదు.

ఈ విద్యలో కథల పటాలు వేసే చేర్యాల నకాషీలది గట్టి చెయ్యి. ఖద్దరు గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు పూతలు పూసి ఆరబెడతారు. ఎర్రటి నేల మీద కథను అడ్డపట్టీలుగా విడగొడతారు. దేవుడికి నీలం, దేవతకు పసుపు అని ముఖాల రంగులు ముందే ఖాయం కాబట్టి, రాత్రిపూట దీపం వెలుగులో దూరంగా కూర్చున్నవాడు కూడా ఎవరు ఎవరో పోల్చుకుంటాడు. ఒకప్పుడు ఆర్డరు ఇచ్చేది కథ చెప్పే కులాలవాళ్లు. పద్మశాలీలకు చెప్పే కూనపులివాళ్లకు భావనారుషి కథ కావాలి, ముదిరాజులకు చెప్పే కాకిపడగలవాళ్లకు పాండవుల కథ కావాలి. ఒకరి పటం ఇంకొకరికి పనికిరాదు. నకాషీ ముందు విని, తర్వాతే కుంచె పట్టేవాడు. హైదరాబాదులోని జగదీశ్, కమలా మిట్టల్ మ్యూజియంలో ఉన్న భావనారుషి పటం 1625 నాటిది. అంటే ఆర్డరు మీద కథాచిత్రం వేయడం మన దగ్గర కనీసం నాలుగు వందల ఏళ్ల నాటి వృత్తి.

పాడేవాళ్లను పోషించే ఇళ్లు తగ్గిపోతే ఏమవుతుందో గోండుల చరిత్రలో ఉంది. కోయలకు డోలీలు ఎలాగో, మధ్యప్రదేశ్ గోండులకు పర్ధాన్‌లు అలాగే. ఆ కులంలో పుట్టిన జన్‌గఢ్ సింగ్ శ్యామ్‌ను 1980ల్లో చిత్రకారుడు జె.స్వామినాథన్ భోపాల్ భారత్ భవన్‌కు తీసుకొచ్చారు. పాటలోని దేవతలు కాగితం మీదికి, క్యాన్వాసు మీదికి ఎక్కారు. ఆయన వెనకే వచ్చిన భజ్జు శ్యామ్‌కు లండన్‌లో ఒక రెస్టారెంటు గోడలకు బొమ్మలు వేసే పని దొరికింది. అక్కడ చూసినదాన్ని గోండు కంటితో వేస్తే 2004లో చెన్నై తారా బుక్స్ ‘ది లండన్ జంగిల్ బుక్’గా తెచ్చింది. 2018లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. గమనించండి, ఆయన లండన్ వెళ్లి లండన్ చిత్రకారుల్లా వేయలేదు. బిగ్‌బెన్‌ను కోడిపుంజుగా వేశారు.

అలాగని పడిగెను ఫోన్‌లో ఫొటో తీసి, దాన్నే టీషర్టుల మీద అచ్చేయడం దొంగతనం కిందే లెక్క. పడిగె గట్టుది, వేసినవాడిది కూడా కాదు. కావాలంటే గట్టు పెద్దలను, డోలీని అడగాలి. ఒప్పుకుంటే వాళ్ల పేరు వేయాలి, వచ్చినదాంట్లో వాటా ఇవ్వాలి. నేర్చుకోవలసింది దాని వరస, దాని పొదుపు. ఆ వరసలో మీ ఊరి సంత, గోదావరి వరద, ఇప్పపూల వేళ, బొగ్గుగని షిఫ్టు ఏదైనా వేయొచ్చు. ఒక్కో కథకు ఎనిమిదో పదో బొమ్మలు, అలాంటి కథలు రెండుంటే చాలు, పోర్ట్‌ఫోలియో నిలబడుతుంది. పక్కన చిత్తుగీతలు కూడా పెట్టండి. ఆర్డరిచ్చేవాడు మీ ఆలోచన ఎలా సాగిందో చూడాలనుకుంటాడు.

పని దొరికాక అసలు చిక్కు కాగితం దగ్గర మొదలవుతుంది. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగానే జరగాలి. ఎన్నాళ్లకో రాయకపోతే అయిదేళ్లకే, ఎక్కడెక్కడో రాయకపోతే భారతదేశం వరకే చెల్లుతుంది. హక్కులు అమ్మేసినా, ఆ బొమ్మ తనదని చెప్పుకునే హక్కు వేసినవాడికి మిగిలే ఉంటుంది. ఎవరైనా డబ్బిచ్చి బొమ్మో, తమ రూపచిత్రమో వేయించుకుంటే మాత్రం, వేరే ఒప్పందం లేనప్పుడు, దాని హక్కు వేయించుకున్నవాళ్లకే పోతుంది. కాబట్టి తెలిసినవాళ్లే కదా అని మొహమాటపడకండి. ఎన్ని బొమ్మలు, ఎన్నిసార్లు మార్పులు, ఎంత డబ్బు, ఎన్నేళ్ల హక్కు అన్నవి ఒక కాగితం మీద రాయించుకుని, బయానా చేతికందాకే గీత మొదలుపెట్టండి.