గొంగళిపురుగునుండి పుట్టిన కందిరీగకు నామకరణము

పెరటితోటలో గొంగళిపురుగు వీపుమీద బియ్యపుగింజలవలె తెల్లని కాయలు అంటియుండగా చూచి, అవి దాని గ్రుడ్లని తలంచువారు పెక్కండ్రు. గొంగళిపురుగు ఇంకను శైశవావస్థలోనున్న ప్రాణి గనుక గ్రుడ్లు పెట్టుట దానికి సాధ్యము గాదు. ఆ కాయలు దాని దేహమును లోపలినుండి భుజించి, చర్మమును తొలుచుకొని వెలువడిన వేఱొక ప్రాణి అల్లుకొన్న పట్టుగూండ్లు.

ఆ ప్రాణి కందిరీగల వంశములోనిది. మైక్రోగాస్ట్రినే ఉపకుటుంబమునకు చెందిన యీ కీటకములలో పెక్కింటి పొడవు 2 నుండి 4 మిల్లీమీటర్లు మాత్రమే. తల్లి తన అండనిక్షేపకమును పురుగు దేహమున గ్రుచ్చి గ్రుడ్లు విడుచునప్పుడు, వానితోగూడ ఒకవిధమగు వైరసు కణములను సైతము ప్రవేశపెట్టును. కందిరీగ వారసత్వములోనే లీనమై తరతరములుగా సంక్రమించుచున్న ఆ వైరసు, పురుగులోని రక్షకకణములను నిర్వీర్యము చేసి, పరాయి గ్రుడ్డును అవి చుట్టుముట్టకుండ కాపాడును.

ఇట్టి కందిరీగను వలతో పట్టవచ్చును. కాని వలలో చిక్కినదానికి రూపము దప్ప చరిత్ర లేదు. ఏ పురుగునుండి పుట్టినదో, ఆ పురుగు ఏ చెట్టు ఆకు తినుచుండెనో తెలియవలెనన్న, గొంగళిపురుగును తెచ్చి పెంచుటయే మార్గము. ఈ విద్య పరాకాష్ఠనందిన తావు కోస్టారికా దేశపు వాయవ్యభాగమునందలి గువానకాస్టె పరిరక్షణ ప్రాంతము. డేనియల్ జాన్జెన్ అను అమెరికా జీవశాస్త్రవేత్త 1978లో అచ్చట గొంగళిపురుగుల పరిగణనము ప్రారంభించి, సహధర్మచారిణి విన్నీ హాల్వాక్స్‌తో గూడి దశాబ్దములు కొనసాగించెను. పనిలో అధికభాగము నిర్వహించువారు మాత్రము ఆ పరిసరములయందలి గ్రామీణులు. వారిని అచ్చట ‘గుసానెరోలు’ అందురు.

అడవిలో ఏరిన ప్రతి పురుగునకును ఒక సంఖ్య నొసగి, అది కనబడిన చెట్టు, తావు, దినము వ్రాసికొని, ఆకుతోగూడ ప్లాస్టిక్ సంచిలోనుంచి, ఆకు వాడిన కొలది మార్చుచు, మలమును దులుపుచు, సీతాకోకచిలుకయో, చిమ్మెటయో, కందిరీగయో, ఏదో యొకటి వెలువడువఱకు వారు కనిపెట్టియుందురు. దీనిలోని ప్రమాదములు అనుభవజ్ఞులకే తెలియును. మేతగా వేసిన ఆకు మడతలో మఱియొక చిన్నపురుగు దాగియుండెనేని, దానినుండి పుట్టిన కందిరీగ పెద్దపురుగు ఖాతాలో పడును. అంతకన్న సూక్ష్మమైన చిక్కు మఱియొకటి గలదు: మెసోకోరస్ వంటి కందిరీగలు గొంగళిపురుగులోనున్న పరాన్నభుక్కునే ఆశ్రయించి పెరుగును, సంచిలో తుదకు కనబడినది పురుగును చంపినదో, చంపినదానిని చంపినదో నిర్ణయింపకున్న, వ్రాసిన చరిత్ర యంతయు తప్పిపోవును. కావుననే ఖాళీ పట్టుగూటిని, పురుగు కళేబరమును సైతము పారవేయక, అదే సంఖ్యక్రింద భద్రపఱచుట మేలు.

అటుపిమ్మట వర్ణనకారుని వంతు. అతడు కందిరీగను త్రికోణముగ కత్తిరించిన అట్టముక్క కొనకు జిగురుతో అంటించి, సూక్ష్మదర్శినిక్రింద నిలుపును. ఈ ఉపకుటుంబమున స్పర్శశృంగపు కణుపులు సాధారణముగ 18 గనుక వాని లెక్కవలన ప్రయోజనము లేదు. రెక్కలోని ఈనెల అల్లిక, ఉదరపు మొదటి ఫలకము కొనవైపు సన్నగిలిన తీరు, వక్షము వెనుకభాగమునందలి గీతల అమరిక, వెనుకకాలి జంఘతో పోల్చిన అండనిక్షేపకపు ఒర పొడవు, ఇట్టివే సాక్ష్యములు. ఒక్క నమూనాను హోలోటైపుగా నిర్ణయించి సంగ్రహాలయమున నుంచుదురు. మున్ముందు తగవు వచ్చినచో ఆ పేరు దేనిదో తేల్చునది ఆ యొక్క దేహమే.

కన్ను మాత్రమే చాలదని 2008లో ప్రకటితమైన పరిశోధన నిరూపించినది. గువానకాస్టెలో పెంచిన ఆఱు ప్రజాతుల కందిరీగలను రూపమునుబట్టి 171 జాతులుగా ఎంచియుండగా, డీఎన్ఏ ముక్కలోని అక్షరక్రమమును పెంపకపు చిట్టాలతో జతపఱచి చూచునప్పటికి అవి 313 అయ్యెను. వానిలో నూటికి 90కి పైగా, పరిశీలించిన 3,500కు మించిన గొంగళిపురుగు జాతులలో ఒకదానినో, బహుకొద్దింటినో మాత్రమే ఆశ్రయించుచున్నవి. డీఎన్ఏ తేడా ఒక్కటియే యున్నచో దానిని ఒకే జాతిలోని వైవిధ్యమని త్రోసివేయుటకు అవకాశముండెడిది. పురుగు వేఱని చిట్టా సాక్ష్యమిచ్చుటచే ఆ వాదము బలహీనపడినది.

ఇంత సూక్ష్మభేదము ఎందులకని అడుగువారు కోనసీమ కొబ్బరితోటలను చూడవచ్చును. ఆకుతేలు అనబడు నల్లతల గొంగళిపురుగు పచ్చదనమును గీకి తినగా మట్టలు ఎండినట్లగును. దానిపై విడుచుటకు అంబాజీపేట పరిశోధనాస్థానమున గోనియోజస్ నెఫాంటిడిస్ అను కందిరీగను పెంచుదురు. ఇది వేఱు కుటుంబమునకు చెంది, పురుగును వెలుపలినుండి తినునది. 1934లో దీనిని వర్ణించినవాడు మ్యూస్‌బెక్ అను కీటకశాస్త్రవేత్త. ఏది ఏ పురుగుపై బ్రతుకునో తెలియక కందిరీగలను విడుచుట వృథాశ్రమ.

గువానకాస్టె విషయమునకు మరలినచో, 2014లో అచ్చటి 3,200కు పైబడిన పరాన్నభుక్తమైన గొంగళిపురుగుల ఆధారముతో, అపాంటెలెస్ అను ఒక్క ప్రజాతిలోనే 186 క్రొత్తజాతులు వర్ణితములయ్యెను. వానిలో పెక్కింటికి ఆ పరిరక్షణ ప్రాంతమున పనిచేసినవారి పేళ్లే పెట్టిరి. ఇంతకన్న తగిన గౌరవము నాకు తోచదు. 2021లో మైఖేల్ షార్కీ ప్రభృతులు కోస్టారికా కందిరీగలలో 403 క్రొత్తజాతులను ప్రధానముగ డీఎన్ఏ అక్షరములతో, ఛాయాచిత్రముతో ప్రకటింపగా, వర్ణన లేని పేరు పేరేనా యని పండితులలో పెద్ద వివాదము చెలరేగినది. అడవులు తఱుగుచుండగా వేగము అవసరమను షార్కీ ప్రభృతుల వాదమును నేను కాదనను; అయినను డీఎన్ఏ చదువు యంత్రము లేనివాడు సైతము తన చేతిలోని కందిరీగను పోల్చుకొనుటకు నాలుగైదు వాక్యములైనను దాని దేహమునుగూర్చి వ్రాయుట వర్ణనకారునికి మోయలేని భారమేమియు గాదు.